హోమ్ స్టూడియోలో ఏది మార్చాలి, ఏది ఉంచుకోవాలి

ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవారిలో చాలామంది పరికరాలు మార్చాలనుకున్నప్పుడు మొట్టమొదట ఆడియో ఇంటర్‌ఫేస్ వైపే, అంటే మైక్‌ను, స్పీకర్లను కంప్యూటర్‌కు కలిపే పెట్టె వైపే చూస్తారు. అది బల్ల మీద కళ్లెదురుగా ఉంటుంది, కొత్త మోడళ్లు తరచుగా వస్తుంటాయి, పైగా వాటి స్పెసిఫికేషన్లను పక్కపక్కన పెట్టి అంకెల్లో పోల్చుకోవచ్చు. గదిని, మైక్ పెట్టే చోటును, డ్రైవర్ (ఇంటర్‌ఫేస్‌ను కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) పనితీరును అలా పోల్చుకోవడం వీలుకాదు కాబట్టి వాటి గురించిన ఆలోచన వెనకబడిపోతుంది. ఈ వ్యాసంలో ఎంపికలను బేరీజు వేయడానికి నేను తీసుకున్న కొలమానం ఒక్కటే: ఒక పరికరాన్ని మారిస్తే ఇప్పుడు వినిపిస్తున్న లోపాల్లో ఏది పోతుంది, లేదా ఇప్పుడు చేయలేకపోతున్న పనుల్లో ఏది చేయగలుగుతాం? రెండింటిలో దేనికీ స్పష్టమైన జవాబు దొరకకపోతే ఆ కొనుగోలును వాయిదా వేసుకోవడమే మంచిది.

రొద ఎక్కడిది

ఇంటర్‌ఫేస్ మార్చాలనుకోవడానికి ఎక్కువమంది చెప్పే కారణం రొద. గొంతు రికార్డు చేసి కంప్రెసర్ (గట్టి, మెల్లని శబ్దాల మధ్య తేడాను తగ్గించే సాధనం) వేయగానే వెనక నుంచి సుయ్యిమనే శబ్దం పైకి తేలుతుంది, తప్పంతా ఇంటర్‌ఫేస్ లోపల మైక్ సంకేతాన్ని పెంచే ప్రీయాంప్‌దే అనిపిస్తుంది. నిజంగా దానిదేనా అన్నది తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఎప్పుడూ పాడేటప్పుడు పెట్టే గెయిన్‌నే, అంటే ప్రీయాంప్ సంకేతాన్ని పెంచే మోతాదునే ఉంచి, గదిలో ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం రికార్డు చేయండి. తరువాత స్పీకర్లను మ్యూట్ చేసి, ఫాంటమ్ పవర్ (మైక్‌కు దాని తీగ ద్వారానే అందే విద్యుత్) ఆపి, మైక్‌ను తీసివేసి, దాని స్థానంలో 2, 3 పిన్నుల మధ్య 150 ఓమ్‌ల రెసిస్టర్‌ను టంకం వేసి బిగించిన ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్‌ను పెట్టి, గెయిన్‌ను ముట్టుకోకుండా మరో అర నిమిషం రికార్డు చేయండి. ఆ ప్లగ్ లేకుండా ఇన్‌పుట్‌ను ఖాళీగా వదిలేసి కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఏమీ తగిలించని ప్రీయాంప్ మైక్ ఉన్నప్పటికంటే ఎక్కువ రొద చేస్తుంది. ఇప్పుడు రెండు రికార్డింగుల సగటు స్థాయిని మీటర్‌లో చూడండి. మొదటిది రెండోదానికంటే 15, 20 డెసిబెల్స్ ఎక్కువగా ఉంటే ఆ రొద గదిదో మైక్‌దో అయి ఉంటుంది. ఫ్యాను, ఏసీ, కంప్యూటర్ కూలర్, వీధి చప్పుడు, మైక్ లోపలి ఎలక్ట్రానిక్స్, వీటిలో ఏదో ఒకటి దానికి కారణం. ఇంటర్‌ఫేస్ ఎంత గొప్పదైనా ఆ రొదను అంతే నమ్మకంగా రికార్డు చేస్తుంది. రెండు స్థాయిలూ దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు మాత్రమే ప్రీయాంప్‌ను అనుమానించాలి.

ప్రీయాంప్‌లను పోల్చేటప్పుడు చూడవలసిన అంకెను ఈఐఎన్ అంటారు. ఇన్‌పుట్ దగ్గరే రొద ఎంత ఉన్నట్టు లెక్క అనేది ఇది తెలుపుతుంది, డీబీయూ అనే వోల్టేజీ కొలమానంలో మైనస్ అంకెగా రాస్తారు, మైనస్ ఎంత ఎక్కువైతే రొద అంత తక్కువ. గది ఉష్ణోగ్రత వద్ద 150 ఓమ్‌ల రెసిస్టర్ తనంతట తానే పుట్టించే రొద, వినికిడి పరిధి మేరకు లెక్కిస్తే, దాదాపు మైనస్ 131 డీబీయూ ఉంటుంది. ఇది భౌతికశాస్త్రం గీసిన గీత, ఏ తయారీదారూ దీన్ని దాటలేడు. ఇవాళ మామూలు తరగతి ఇంటర్‌ఫేస్‌లు కూడా మైనస్ 127, మైనస్ 128 దాకా చేరుకున్నాయి కాబట్టి అత్యంత ఖరీదైన ప్రీయాంప్‌కు మారినా ఈ విషయంలో దక్కే లాభం మూడు నాలుగు డెసిబెల్స్ మించదు. పాడేవారు మైక్‌కు ఉన్న దూరాన్ని సగానికి తగ్గిస్తే గొంతు స్థాయి సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, దానికి ఖర్చేమీ లేదు.

అయితే గెయిన్ చాలకపోవడం వేరే సమస్య, అది నిజమైన సమస్య. ష్యూర్ ఎస్‌ఎమ్7బీ వంటి డైనమిక్ మైక్ చాలా తక్కువ వోల్టేజీ ఇస్తుంది. మాట్లాడే గొంతుకు దానికి కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరంలో మైక్ గెయిన్ 56 డెసిబెల్స్ వరకే ఉండగా 2023లో వచ్చిన నాలుగో తరంలో అది 69 డెసిబెల్స్‌కు పెరిగింది. ఇటువంటి మైక్ వాడేవారికి ఆ మార్పు వల్ల ఉపయోగం స్పష్టంగా కనిపిస్తుంది. కానీ ఇంటర్‌ఫేస్‌లో మిగతావన్నీ బాగానే ఉండి గెయిన్ ఒక్కటే చాలనప్పుడు, ఫాంటమ్ పవర్‌తో నడుస్తూ దాదాపు 25 డెసిబెల్స్ అదనంగా ఇచ్చే చిన్న బూస్టర్‌ను మైక్ తీగలో కలుపుకుంటే సరిపోతుంది. కండెన్సర్ మైక్ వాడేవారికి ఈ రెండింటి అవసరమూ రాదు, దాని అవుట్‌పుట్ ముందే ఎక్కువగా ఉంటుంది.

ఇక గుయ్‌మని వినిపించే 50 లేదా 60 హెర్ట్జ్ హమ్‌ను రొదతో కలిపి చూడకూడదు. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీయగానే హమ్ ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే పరికరాల ఎర్త్ కనెక్షన్ల మధ్య కరెంటు చుట్టు తిరగడం. స్పీకర్లకు బయటి హమ్‌ను రద్దుచేసే బ్యాలెన్స్‌డ్ టీఆర్‌ఎస్ తీగలు వేయడం, అన్ని పరికరాలనూ ఒకే విద్యుత్ బోర్డు నుంచి నడపడం ముందుగా ప్రయత్నించాలి. ఇంటర్‌ఫేస్ మార్చినా ఆ హమ్ కొత్తదానిలోకి కూడా వచ్చి చేరే అవకాశమే ఎక్కువ.

కన్వర్టర్ల అంకెలు

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడేనని నా అభిప్రాయం. కన్వర్టర్ అంటే శబ్దాన్ని అంకెలుగా, అంకెలను తిరిగి శబ్దంగా మార్చే భాగం; అతి మెల్లని, అతి గట్టి శబ్దాల మధ్య అది పట్టుకోగల అంతరమే డైనమిక్ రేంజ్. 16 బిట్ల ఆడియో డైనమిక్ రేంజ్ సిద్ధాంతరీత్యా 96 డెసిబెల్స్, 24 బిట్లది 144 డెసిబెల్స్. కాగితం మీద 24 బిట్లు అని ఉన్నా ఏ కన్వర్టరూ 144 డెసిబెల్స్ ఇవ్వదు. దానిలోని అనలాగ్ భాగాల రొద వల్ల సాధారణ ఇంటర్‌ఫేస్‌లు 105 నుంచి 115 వరకు, పై తరగతివి 120కి పైగా ఇస్తాయి. ఇప్పుడు మైక్ ముందు జరిగేదాన్ని గమనించండి. ఇంట్లో బాగా నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూడా నేపథ్య శబ్దం 30 డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటుంది, దగ్గరగా నిలబడి గట్టిగా పాడే గొంతు మైక్ దగ్గర 100 డెసిబెల్స్‌కు అటూ ఇటూగా చేరుతుంది. అంటే గది మనకిచ్చే రేంజ్ 70 డెసిబెల్స్. 110 ఇవ్వగల కన్వర్టర్ దానికి ఇప్పటికే చాలినంతకన్నా ఎక్కువ. 120 ఇవ్వగలదాన్ని కొంటే పెరిగిన 10 డెసిబెల్స్ గది రొద కింద పూడిపోతాయి. సింథసైజర్, ఔట్‌బోర్డ్ (విడి పెట్టెగా ఉండే) కంప్రెసర్ వంటి లైన్ స్థాయి పరికరాలతో శబ్దాన్ని పలుమార్లు బయటికి పంపి లోపలికి తీసుకునేవారికి మాత్రం ఈ తేడాకు కొంత విలువ ఉంది.

ఈ మాటను నమ్మవలసిన పనిలేదు, పరీక్షించి చూసుకోవచ్చు. మిక్స్ పూర్తయిన ఒక ట్రాక్‌ను మీ పాత ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్‌పుట్ నుంచి దాని లైన్ ఇన్‌పుట్‌కే తీగతో కలిపి రికార్డు చేయండి. అలా వచ్చినదాన్ని మళ్లీ బయటికి పంపి మళ్లీ రికార్డు చేయండి, ఇలా ఐదుసార్లు. ప్రతిసారీ స్థాయి అసలుదానితో 0.1 డెసిబెల్ తేడాకు మించకుండా సరిచేయాలి, ఎందుకంటే కొంచెం గట్టిగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. ఆపైన అసలు ట్రాక్‌ను, ఐదో తరం నకలును కళ్లు మూసుకుని, ఎవరినైనా మార్చి మార్చి వినిపించమని అడిగి పోల్చండి. ఐదుసార్లు కన్వర్టర్ గుండా వెళ్లొచ్చినా తేడా పట్టుకోలేకపోతే, ఒక్కసారి మాత్రమే వెళ్లే మీ రికార్డింగుకు ఆ కన్వర్టర్ అడ్డంకి కాదని తేలిపోయినట్టే. ఐదో నకలులో పై స్వరాలు మసకబారినట్టు, స్టీరియో ఇరుకైనట్టు వినిపిస్తే మాత్రం మార్చుకోవడానికి మీ దగ్గర నిజమైన కారణం ఉంది. చాలా పాత ఇంటర్‌ఫేస్‌లలో ఇది జరగవచ్చు.

శాంపిల్ రేట్ (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారన్నది) విషయానికి వస్తే, ఒక శబ్దాన్ని పట్టుకోవడానికి దాని ఫ్రీక్వెన్సీకి రెట్టింపుకంటే ఎక్కువ రేటు ఉంటే చాలు, మనిషి చెవి వినగలిగే హద్దు 20 కిలోహెర్ట్జ్. కాబట్టి 44.1, 48 కిలోహెర్ట్జ్‌లు వినికిడికి సరిపోతాయి. 96 కిలోహెర్ట్జ్ వల్ల కొన్ని ప్రయోజనాలు లేకపోలేదు: అదే బఫర్ సైజులో (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శాంపిళ్ల సంఖ్య) ఆలస్యం సగమవుతుంది, శబ్దాన్ని బాగా నెమ్మది చేసినప్పుడో శ్రుతిని బాగా కిందికి దించినప్పుడో పైనున్న సమాచారం పనికొస్తుంది, డిస్టార్షన్ ప్లగిన్లలో (శబ్దాన్ని మార్చే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఏలియాసింగ్, అంటే అసలులో లేని తప్పుడు స్వరాలు పుట్టడం తగ్గుతుంది. కాకపోతే మంచి ప్లగిన్లు తమ లోపలే రేటును పెంచుకుని పనిచేస్తున్నాయి (ఓవర్‌శాంప్లింగ్) కాబట్టి ఈ చివరి ప్రయోజనం చాలామేరకు ప్రాజెక్టు రేటును పెంచకుండానే దక్కుతుంది. దానికి చెల్లించవలసిన మూల్యం మాత్రం తప్పదు: ఫైళ్లు రెట్టింపవుతాయి, ప్రాసెసర్ మీద భారం రెట్టింపవుతుంది. పాటలు, వీడియోలు చేసేవారికి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు అనేది చాలా ఏళ్లపాటు మార్చనవసరంలేని నిర్ణయం. 192 కిలోహెర్ట్జ్ ఉందన్న ఒక్క కారణంతో ఇంటర్‌ఫేస్‌ను ఎంచుకోవద్దు.

32 బిట్ ఫ్లోట్ రికార్డింగ్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఇటువంటి యంత్రాలు రెండు కన్వర్టర్లను వేర్వేరు స్థాయిల్లో నడిపి వాటి ఫలితాలను కలుపుతాయి కాబట్టి గెయిన్ ముందుగా సరిచూసుకోకపోయినా రికార్డింగ్ పగిలిపోదు. ఆరుబయట, ఒకరే కెమెరానూ శబ్దాన్నీ చూసుకునేచోట ఇది వరమే. ఇంట్లో కుర్చీలో కూర్చుని, పాడేవారిచేత ఒకసారి గట్టిగా పాడించి, పీక్‌లు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ పెట్టుకునే వీలున్నవారికి 24 బిట్లు ఎక్కడా తక్కువ కావు. మైక్ లోపలే శబ్దం పగిలితే దాన్ని 32 బిట్లు కూడా బాగుచేయలేవన్నది గుర్తుంచుకోవాలి.

ఆలస్యం, డ్రైవర్లు

ఇంటర్‌ఫేస్ మార్చడం వల్ల రోజువారీ పనిలో నిజంగా తేడా తెలిసేది ఎక్కువగా ఈ విభాగంలోనే. పాడేవారి గొంతు మైక్ నుంచి కంప్యూటర్‌కు చేరి, రివర్బ్ (ప్రతిధ్వని ప్రభావం) కలుపుకుని, తిరిగి హెడ్‌ఫోన్స్‌కు వచ్చేసరికి పట్టే సమయాన్ని రౌండ్ ట్రిప్ లేటెన్సీ అంటారు. 48 కిలోహెర్ట్జ్ వద్ద 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు, లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి కలిపి 5.3, దానికి కన్వర్టర్ల సమయం, డ్రైవర్ తన జాగ్రత్త కోసం దాచుకునే అదనపు బఫర్ చేరితే 7 నుంచి 10 మిల్లీసెకన్ల దాకా వెళుతుంది. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి 10 మిల్లీసెకన్లు అంటే మూడున్నర మీటర్ల దూరంలో ఉన్న యాంప్లిఫయర్‌ను వింటున్నట్టు. గిటారిస్టు దానికి అలవాటుపడతాడు. గాయకులు మాత్రం అంత సులభంగా అలవాటుపడరు, ఎందుకంటే వారికి తమ గొంతు ఎముకల ద్వారా వెంటనే వినిపిస్తుంది, హెడ్‌ఫోన్స్‌లోది దాని వెనకే వచ్చి దానితో కలిసి గొంతును బోలుగా, డబ్బాలోంచి వస్తున్నట్టు మారుస్తుంది. శ్రుతి తప్పుతున్నామని వారికి అనిపిస్తే దానికి అసలు కారణం ఒక్కోసారి ఈ ఆలస్యమే.

దీనికి మూడు దారులున్నాయి. మొదటిది డైరెక్ట్ మానిటరింగ్: ఇంటర్‌ఫేస్ తన ఇన్‌పుట్‌ను కంప్యూటర్‌కు పంపుతూనే నేరుగా హెడ్‌ఫోన్స్‌కు కూడా ఇస్తుంది. ఆలస్యం దాదాపు ఉండదు, దాదాపు ప్రతి ఇంటర్‌ఫేస్‌లోనూ ఇది ఉంటుంది, లోటల్లా ప్లగిన్ల ప్రభావం అందులో వినిపించకపోవడమే. రివర్బ్‌ను మాత్రం కంప్యూటర్ నుంచి విడిగా పంపి డైరెక్ట్ శబ్దంతో కలుపుకోవచ్చు. రివర్బ్ కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చినా ఎవరికీ తెలియదు, అది స్వభావరీత్యా ఆలస్యంగా వచ్చేదే. గొంతు, వయొలిన్, అకూస్టిక్ గిటార్ రికార్డు చేసుకునేవారికి ఈ ఏర్పాటు చాలు, చాలామంది దీన్ని ప్రయత్నించకుండానే కొత్త ఇంటర్‌ఫేస్ కొనేస్తారు.

రెండో దారి, యూనివర్సల్ ఆడియో అపోలో వంటి డీఎస్‌పీ (శబ్దాన్ని ప్రాసెస్ చేసే ప్రత్యేక చిప్పులు) ఉన్న ఇంటర్‌ఫేస్. ప్లగిన్లు దాని లోపలి చిప్పుల మీద నడుస్తాయి కాబట్టి కంప్రెసర్, ఈక్యూ (స్వరాల సమతూకాన్ని సరిచేసేది), యాంప్ సిమ్యులేషన్ వేసుకుని వింటూ పాడవచ్చు, ఆలస్యం రెండు మిల్లీసెకన్ల ప్రాంతంలోనే ఉంటుంది. ఇక్కడ ఆలోచించవలసింది రెండు విషయాలు: ఆ చిప్పుల మీద నడిచేవి ఆ సంస్థ అనుమతించిన ప్లగిన్లే, చిప్పుల శక్తికి కూడా ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు ఏళ్లు గడిచినా పెరగదు. అదే సంస్థ తన ప్లగిన్లలో చాలావాటిని 2022 నుంచి కంప్యూటర్ మీదే నడిచేలా కూడా ఇస్తుండటం వల్ల ప్లగిన్ల కోసమే ఈ ఇంటర్‌ఫేస్ కొనవలసిన అవసరం తగ్గింది. పాడేటప్పుడే శబ్దాన్ని తీర్చిదిద్దుకునే అలవాటున్నవారికి ఇది ఇప్పటికీ హాయినిచ్చే పద్ధతి.

మూడో దారి, డ్రైవర్ మంచిదైన ఇంటర్‌ఫేస్‌ను, వేగమైన కంప్యూటర్‌ను జతచేసి, బఫర్‌ను 32 లేదా 64 శాంపిళ్లకు దించి, అన్నీ సాఫ్ట్‌వేర్‌లోనే వినడం. ఎలక్ట్రిక్ గిటార్‌ను యాంప్ ప్లగిన్‌తో వాయించేవారికి, కీబోర్డుతో శాంపిల్ వాద్యాలను వాయించేవారికి ఇదే సరైనది, ఎందుకంటే వీరికి వినవలసిన శబ్దం కంప్యూటర్ లోపలే పుడుతుంది. ఇక్కడ ఇంటర్‌ఫేస్‌ల మధ్య తేడా నిజంగా పెద్దదే. ఒకే బఫర్ సైజులో ఒక ఇంటర్‌ఫేస్ 5 మిల్లీసెకన్లు, మరొకటి 12 మిల్లీసెకన్లు తీసుకోవడం అరుదేమీ కాదు, ఆ తేడా పెట్టె మీద ఎక్కడా రాసి ఉండదు. అవుట్‌పుట్‌ను ఇన్‌పుట్‌కు తీగతో కలిపి ఒక క్లిక్ శబ్దాన్ని పంపి, తిరిగొచ్చిన క్లిక్ ఎన్ని శాంపిళ్లు ఆలస్యమైందో కొలిచిన సంఖ్యనే నమ్మాలి; సాఫ్ట్‌వేర్ చూపించే సంఖ్య డ్రైవర్ చెప్పిన మాట మాత్రమే, అది తన అదనపు బఫర్లను ఒక్కోసారి దాచిపెడుతుంది.

యూఎస్‌బీయా, దానికన్నా వేగమైన థండర్‌బోల్టా అన్న ప్రశ్న దీనికి అనుబంధంగా వస్తుంది. యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకు 480 మెగాబిట్లు. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ వద్ద ఒక్కో ఛానల్‌కు కావలసింది సుమారు 2.3 మెగాబిట్లు, 18 ఇన్‌పుట్లు, 20 అవుట్‌పుట్లు ఒకేసారి నడిచినా 90 మెగాబిట్లకు చేరదు. కాబట్టి ఇంటి స్టూడియోకు యూఎస్‌బీ 2.0 ఇరుకు కాదు, యూఎస్‌బీ‑సీ పోర్టు ఉన్న కొత్త ఇంటర్‌ఫేస్‌లలో చాలావాటి లోపల నడిచేది కూడా ఇదే. ఆర్‌ఎమ్‌ఈ సంస్థ ఇంటర్‌ఫేస్‌లు యూఎస్‌బీ మీదే చాలా తక్కువ ఆలస్యంతో నడవడం చూస్తే తీగకన్నా డ్రైవర్ ముఖ్యమని అర్థమవుతుంది. పదుల సంఖ్యలో ఛానళ్లు అవసరమైనప్పుడు, లేదా డీఎస్‌పీ ప్లగిన్లను మిక్సింగ్‌లో కూడా ఎక్కువగా వాడుకోదలచినప్పుడు థండర్‌బోల్ట్ గురించి ఆలోచించవచ్చు. అప్పుడైనా మీ కంప్యూటర్‌లో ఆ పోర్టు ఉందో లేదో ముందు చూసుకోవాలి, యూఎస్‌బీ-సీ ఆకారంలో ఉన్న ప్రతి రంధ్రమూ థండర్‌బోల్ట్ కాదు.

డ్రైవర్ ఆయుష్షే ఇంటర్‌ఫేస్ ఆయుష్షు. లోపలి సర్క్యూట్లు ఇరవై ఏళ్లు నిలిచినా, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు డ్రైవర్ రాకపోతే అది బల్ల మీద బరువు మాత్రమే. ఫైర్‌వైర్ అనే పాత తీగతో కలిసే ఇంటర్‌ఫేస్‌లకు ఆ గతి ఎప్పుడో పట్టింది. కొనే ముందు ఆ తయారీదారు తన పదేళ్ల కిందటి మోడల్‌కు ఇప్పటి ఆపరేటింగ్ సిస్టమ్ మీద డ్రైవర్ ఇస్తున్నాడో లేదో వారి డౌన్‌లోడ్ పేజీలో చూడటం, సమీక్షలు చదవడం కన్నా ఎక్కువ చెబుతుంది. విడిగా డ్రైవర్ అక్కరలేకుండా నడిచే క్లాస్ కంప్లయంట్ ఇంటర్‌ఫేస్‌లకు ఈ భయం తక్కువ. మ్యాక్‌లో, ట్యాబ్లెట్లలో అవి నేరుగా నడుస్తాయి. విండోస్ 10లో 2017 నుంచి యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 అనే ఆ ప్రమాణానికి మద్దతు ఉంది. అయితే విండోస్‌లో తక్కువ ఆలస్యం కావాలంటే తయారీదారు ఇచ్చే ఏసియో డ్రైవర్‌నే ఇప్పటికీ చూసుకోవాలి.

ఇన్‌పుట్లు చాలనప్పుడు

డ్రమ్స్ రికార్డు చేయాలన్నా, నలుగురు కలిసి వాయించేదాన్ని విడివిడి ట్రాకులుగా పట్టాలన్నా రెండు ఇన్‌పుట్లు చాలవు. పాత ఇంటర్‌ఫేస్ వెనక చదరపు ఆప్టికల్ రంధ్రం ఉండి దాని కింద ఏడాట్ (ఒకే ఆప్టికల్ తీగలో అనేక ఛానళ్లను పంపే పద్ధతి) అని రాసి ఉంటే, ఎనిమిది ప్రీయాంపులున్న విస్తరణ యూనిట్‌ను కలుపుకోవడం కొత్త పెద్ద ఇంటర్‌ఫేస్ కొనడంకన్నా చవక. ఉన్న డ్రైవర్, అలవాటైన మిక్సర్ సాఫ్ట్‌వేర్ అలాగే ఉంటాయి, ఆ యూనిట్ రేపు మరో ఇంటర్‌ఫేస్‌కు మారినా పనికొస్తుంది. ఆ తీగలో 48 కిలోహెర్ట్జ్ వరకు ఎనిమిది ఛానళ్లు, 96 వద్ద నాలుగు, 192 వద్ద రెండు మాత్రమే వెళతాయి, కాబట్టి 96లో పనిచేసేవారు లెక్క ముందే వేసుకోవాలి. అదే ఆకారంలోని రంధ్రం కొన్ని ఇంటర్‌ఫేస్‌లలో రెండు ఛానళ్ల ఎస్‌పీడిఫ్ అనే వేరే పద్ధతికి మాత్రమే పనిచేస్తుంది, మాన్యువల్‌లో ఇది చూసుకోకుండా యూనిట్ కొంటే ఎనిమిది ఛానళ్లూ మూగబోతాయి.

రెండు డిజిటల్ పరికరాలు కలిసినప్పుడు ఒకటి గడియారంగా ఉండాలి, రెండోది దాన్ని అనుసరించాలి. ఇద్దరూ తమ గడియారాన్నే నమ్ముకుంటే కొన్ని సెకన్లకోసారి టిక్కుమని చిన్న పగులు వినిపిస్తుంది. కొత్త యూనిట్ పాడైందనుకుని వెనక్కి పంపేవారు ముందు ఈ సెట్టింగ్ చూడాలి. విడిగా అమ్మే మాస్టర్ క్లాక్ పెట్టెల వల్ల శబ్దం విప్పారుతుందన్న ప్రచారం ఒకటుంది. మంచి కన్వర్టర్ తన పక్కనే ఉన్న స్ఫటికం మీద నడిచినప్పుడే సాధారణంగా అత్యుత్తమంగా పనిచేస్తుంది, బయటి గడియారాన్ని అనుసరించడమంటే దానికి అదనపు శ్రమ. ఆ పెట్టెలు అనేక డిజిటల్ పరికరాలను ఒకే తాళంలో నడపడానికి పుట్టాయి, రెండు మూడు పరికరాలున్న గదికి వాటితో పని లేదు.

వినే వైపు

రికార్డింగ్ ఎంత బాగున్నా, దాన్ని మిక్స్ చేసేటప్పుడు తప్పుగా వింటే తీసుకునే నిర్ణయాలన్నీ తప్పుతాయి. ఇంట్లో చేసిన మిక్స్ కారులో వింటే బేస్ ఉబ్బిపోయిందని, ఫోన్లో వింటే గొంతు మునిగిపోయిందని చెప్పేవారి సమస్య కన్వర్టర్‌ది కాదు, గదిది. మూడున్నర మీటర్ల పొడవున్న గదిలో ఆ గోడల మధ్య మొదటి ప్రతిధ్వని స్థిరపడేది 49 హెర్ట్జ్ దగ్గర. ఆ స్వరం కొన్ని చోట్ల రెట్టింపై, గది సరిగ్గా మధ్యలో దాదాపు మాయమవుతుంది. స్పీకర్ ముందు భాగం దాని వెనకనున్న గోడకు 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, గోడను తాకి తిరిగొచ్చిన తరంగం 107 హెర్ట్జ్ ప్రాంతంలో నేరుగా వచ్చేదాన్ని రద్దు చేస్తుంది. పెద్ద స్పీకర్లు కొంటే ఈ లోపాలు పోవు, పైగా కింది స్వరాలు మరిన్ని తోడై ఇంకా పెరుగుతాయి. అందుకే చిన్న గదిలో ఐదంగుళాల మానిటర్లే (స్టూడియో స్పీకర్లు) ఎనిమిదంగుళాలవాటికన్నా నమ్మదగినవిగా ఉండటం తరచుగా జరుగుతుంది.

ఇక్కడ ఎంపిక మూడింటి మధ్య: కొత్త మానిటర్లు, గదికి చికిత్స, మంచి హెడ్‌ఫోన్స్. గదిని మార్చే అధికారం, స్థలం ఉన్నవారు మానిటర్లకన్నా ముందు మూలల్లో శబ్దాన్ని పీల్చే మందమైన రాక్‌వూల్ ప్యానెళ్లకు ఖర్చు పెట్టాలి. గోడకు అతికించే ఐదు సెంటీమీటర్ల నురగ పలకలు చప్పట్ల ప్రతిధ్వనిని ఆపుతాయి కానీ బేస్‌ను తాకలేవు. 100 హెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతే 86 సెంటీమీటర్లు ఉంటుంది. అంత మందం ఎవరూ పెట్టలేరు, అయినా పది పదిహేను సెంటీమీటర్ల ప్యానెల్‌ను గోడకు కొంత ఎడంగా, మూలకు అడ్డంగా నిలబెడితే తేడా వెంటనే వినిపిస్తుంది. ఒక కొలత మైక్, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉంటే కూర్చునే చోట 30 నుంచి 300 హెర్ట్జ్ వరకు గీత ఎలా ఎగుడుదిగుడుగా ఉందో కళ్లతో చూడవచ్చు. కుర్చీని ముప్పై సెంటీమీటర్లు ముందుకు జరిపి మళ్లీ కొలవండి. ఆ గీతలో వచ్చే మార్పు చూశాక ఇంటర్‌ఫేస్‌ల డైనమిక్ రేంజ్ పట్టికల మీద మోజు చాలామేరకు తగ్గుతుంది. సరిదిద్దే సాఫ్ట్‌వేర్లు ఉబ్బిన స్వరాలను తగ్గించగలవు, రద్దయిపోయినవాటిని మాత్రం పెంచలేవు, ఎందుకంటే పెంచినకొద్దీ గోడ నుంచి తిరిగొచ్చేదీ అంతే పెరుగుతుంది.

అద్దె గదిలో ఉండేవారికి, రాత్రిళ్లు పనిచేసేవారికి హెడ్‌ఫోన్సే మేలు. మిక్సింగ్‌కు సెన్‌హైజర్ హెచ్‌డీ 600 వంటి ఓపెన్ బ్యాక్ (వెనక తెరిచి ఉండేవి), పాడేటప్పుడు మెట్రోనోమ్ శబ్దం మైక్‌లోకి పోకుండా ఉండటానికి బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో వంటి క్లోజ్డ్ బ్యాక్ (వెనక మూసి ఉండేవి). ఒక్కటే కొనగలిగితే క్లోజ్డ్‌తో రెండు పనులూ కానివ్వవచ్చు. ఇంపీడెన్స్ (విద్యుత్‌కు అడ్డుపడే గుణం) చూసుకోవాలి: హెచ్‌డీ 600ది 300 ఓమ్‌లు, డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్‌లలో దొరుకుతుంది. యూఎస్‌బీ తీగ నుంచే విద్యుత్ తీసుకునే చిన్న ఇంటర్‌ఫేస్ 250, 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్‌ను తగినంత గట్టిగా నడపలేకపోవచ్చు.

కంప్యూటర్ గురించి చెప్పవలసింది తక్కువే. ఒక ట్రాక్ మీద వరుసగా పెట్టిన ప్లగిన్లు ఒకే కోర్ మీద నడుస్తాయి కాబట్టి కోర్ల సంఖ్యకన్నా ఒక్కో కోర్ వేగం ముఖ్యం. శాంపిల్ వాద్యాలు వాడేవారికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ముఖ్యం. విండోస్‌లో శబ్దం తెగి తెగి వస్తుంటే ఇంటర్‌ఫేస్‌ను నిందించే ముందు లేటెన్సీమాన్ అనే పరీక్షా సాఫ్ట్‌వేర్‌ను నడిపి చూడండి, వైఫై డ్రైవరో గ్రాఫిక్స్ డ్రైవరో బయటపడటం మామూలే. ఫైళ్ల లెక్కకు వస్తే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో ఒక మోనో ట్రాక్ నిమిషానికి 8.6 మెగాబైట్లు తీసుకుంటుంది, 16 ట్రాకుల ఐదు నిమిషాల పాట 700 మెగాబైట్లలోపే ఉంటుంది. రెండో డిస్క్ మీద నకలు పెట్టుకోవడానికి అయ్యే ఖర్చు ఈ వ్యాసంలోని అన్నిటికన్నా తక్కువ.

ఎవరికి ఏది

ఒక్కరే పాడుకుని, ఒకటి రెండు వాద్యాలు కలుపుకునేవారు, ఇంటర్‌ఫేస్‌కు డ్రైవర్ ఇంకా వస్తున్నంతకాలం దాన్ని ఉంచుకుని గదికి, ఆ తరువాత మైక్‌కు ఖర్చు పెట్టడం మేలు. గిటారును, కీబోర్డును ప్లగిన్లతో వాయించేవారు ఇంటర్‌ఫేస్ మార్చడానికి సంకోచించనక్కరలేదు, కానీ కొలిచిన ఆలస్యాన్ని చూసి ఎంచుకోవాలి. బృందాలను రికార్డు చేసేవారు ఏడాట్ రంధ్రం ఉంటే విస్తరించుకోవాలి, లేకపోతే అది ఉన్న ఇంటర్‌ఫేస్‌నే కొనాలి, ప్రస్తుతం ఎనిమిది ఇన్‌పుట్లు చాలుననిపించినా సరే. డబ్బు ఒక్కదానికే సరిపోయి, మానిటర్లా ఇంటర్‌ఫేసా అన్న సందిగ్ధంలో ఉన్నవారికి, పైన చెప్పిన ఐదు నకళ్ల పరీక్షలో పాత ఇంటర్‌ఫేస్ నెగ్గినట్లయితే, నేను ఏ సంకోచమూ లేకుండా వినే వైపే చూపిస్తాను.

కొత్త ఇంటర్‌ఫేస్ చేతికి వచ్చాక పాతదాన్ని వెంటనే అమ్మవద్దు. తిరిగి ఇచ్చే గడువు ఉండగానే మీరు నిజంగా చేసే పనిని, అంటే అదే మైక్‌తో, అదే గెయిన్‌తో, పూర్తి ప్లగిన్లున్న మీ పెద్ద ప్రాజెక్టును తెరిచి, 64 శాంపిళ్ల బఫర్‌లో ఒక గంటపాటు రికార్డు చేసి చూడండి. కంప్యూటర్‌ను నిద్రపుచ్చి లేపాక ఇంటర్‌ఫేస్ తిరిగి పలుకుతుందో లేదో, హెడ్‌ఫోన్స్‌లో వాల్యూమ్ అడుగుకు తిప్పినప్పుడు ఎడమ కుడి సమానంగా ఉన్నాయో లేదో, ఫాంటమ్ పవర్ వేసినప్పుడు ఇన్‌పుట్ రొద పెరుగుతుందేమో గమనించండి. పాత ప్రాజెక్టులలో ఇన్‌పుట్, అవుట్‌పుట్ పేర్లు కొత్త ఇంటర్‌ఫేస్‌కు సరిగ్గా మారాయని నిర్ధారించుకుని, ఇవన్నీ కుదిరిన తరువాతే పాతదాన్ని పెట్టెలో సర్దండి.